గేమ్‌బాయ్‌తో చిప్‌ట్యూన్: నాలుగు చానళ్లలో ఊపున్న ట్రాక్ చేయడం ఎలా

పాత గేమ్‌బాయ్‌తో చిప్‌ట్యూన్, అంటే పాత గేమ్ మెషీన్ సౌండ్ చిప్‌తో వాయించే పాట, చేయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ విడిగా ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా మొత్తం వరుస ఒకేచోట ఉంటే మేలని ఇది రాస్తున్నాను.

ఇందులో వాడేది నింటెండో మొదటి గేమ్‌బాయ్, అంటే 1989లో వచ్చిన బూడిద రంగు మోడల్ డీఎంజీ-01. దాని మీద నడిచే ట్రాకర్, అంటే స్వరాలను వరుస గడుల్లో నింపి పాట కట్టే ప్రోగ్రామ్, ఎల్‌ఎస్‌డీజే. పూర్తి పేరు లిటిల్ సౌండ్ డీజే, చేసినవాడు యోహాన్ కోట్లిన్స్కి.

ముందే ఒక మాట. మన ఇళ్లలో టీవీకి తగిలించి ఆడిన క్యాసెట్ గేమ్‌ల శబ్దం కావాలంటే ఈ దారి కాదు. అవి ఎక్కువగా నింటెండో ఫ్యామికామ్‌కు నకళ్లు. వాటి చిప్ వేరు, దానికి కంప్యూటర్ మీద నడిచే ఫ్యామిట్రాకర్ వాడతారు. కింద చెప్పిన పద్ధతిలో చాలా భాగం అక్కడా పనికొస్తుంది కానీ బటన్లు, కమాండ్లు మారిపోతాయి.

## 1. ముందు ఎమ్యులేటర్, తర్వాతే కొనుగోలు

మొదటి రోజే గేమ్‌బాయ్ కొనకండి. ఎల్‌ఎస్‌డీజే చేతికి ఎక్కుతుందో లేదో తెలియకుండా డబ్బు పెట్టడం దండగ. ల్యాప్‌టాప్‌లో సేమ్‌బాయ్ లేదా బీజీబీ ఎమ్యులేటర్ (గేమ్‌బాయ్‌ను అనుకరించే ప్రోగ్రామ్) వేసుకుని, ఎల్‌ఎస్‌డీజే రోమ్ (ROM) ఫైల్‌ను అధికారిక సైట్ నుంచే తెచ్చుకుని, ఒక ట్రాక్ చివరిదాకా పూర్తి చేయండి. ధ్వని విషయంలో సేమ్‌బాయ్ అసలు చిప్‌కు చాలా దగ్గరగా ఉంటుంది.

ఫోన్‌లో ఎమ్యులేటర్ నడుస్తుంది కానీ నేను వద్దంటాను. ఎల్‌ఎస్‌డీజేలో ప్రతి పనీ రెండు బటన్లు కలిపి నొక్కితేనే అవుతుంది. టచ్ స్క్రీన్ మీద అది నరకం.

ఆ ట్రాక్ పూర్తయ్యాక కూడా మోజు తగ్గకపోతే అసలు మెషీన్ కొనండి. పాత సరుకు కొనేటప్పుడు చూడాల్సినవి:

- బ్యాటరీ గది తెరిచి చూడండి. స్ప్రింగుల మీద పచ్చగానో తెల్లగానో పేరుకుని ఉంటే బ్యాటరీలు కారాయన్నమాట. కొద్దిగా ఉంటే వెనిగర్‌లో ముంచిన దూదితో తుడిస్తే పోతుంది. లోపలి బోర్డుదాకా పాకి ఉంటే వదిలేయండి.
- ఆన్ చేసి స్క్రీన్ మీద నిలువు గీతలు మాయమయ్యాయేమో చూడండి. బాగు చేయవచ్చు, కానీ ధర తగ్గించమని అడగడానికి మంచి కారణం.
- హెడ్‌ఫోన్ పెట్టి వాల్యూమ్ చక్రం తిప్పండి. గరగర వస్తే కాంటాక్ట్ క్లీనర్‌తో చాలావరకు సర్దుకుంటుంది. ఒక చెవిలోనే వినిపిస్తే జాక్ పోయినట్టు.
- ఏ, బీ, స్టార్ట్, సెలెక్ట్ నాలుగూ గట్టిగా నొక్కకుండానే పనిచేయాలి. రేపు మీరు వేలసార్లు నొక్కేది వీటినే.
- స్క్రీన్‌కు బ్యాక్‌లైట్ వేసి అమ్ముతుంటే, లైట్ వెలుగుతుండగా హెడ్‌ఫోన్‌లో వినండి. కొన్ని లైట్లు సన్నని కీచుమనే శబ్దాన్ని ఆడియోలోకి తెస్తాయి.

మెషీన్‌తో పాటు ఫ్లాష్ కార్ట్, అంటే కంప్యూటర్ నుంచి ప్రోగ్రామ్ ఎక్కించుకునే గేమ్ కార్ట్, కావాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఎల్‌ఎస్‌డీజేకు సేవ్ మెమరీ 128 కేబీ ఉండాలి. చవకగా దొరికే కార్ట్‌లలో కొన్నిటికి 32 కేబీయే ఉంటుంది. ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది, పాట సేవ్ అయినట్టే కనిపిస్తుంది, తర్వాత చూస్తే ఉండదు. కొనేముందు ఆ ఒక్క అంకె అడిగి తెలుసుకోండి.

కార్ట్ పెట్టినా స్క్రీన్ మీద చెత్త గీతలే వస్తుంటే, కార్ట్ కాంటాక్ట్‌లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూది పుల్లతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. నోటితో ఊదడం మానేయండి, తేమ చేరి ఇంకా పాడవుతాయి.

## 2. చిప్ చేయగలిగింది, చేయలేనిది

గేమ్‌బాయ్‌లో చానళ్లు నాలుగే. ఒక్కో చానల్ ఒక సమయంలో ఒక్క స్వరమే పలుకుతుంది.

పల్స్ 1, పల్స్ 2. చదరపు తరంగాలు. వెడల్పు 12.5, 25, 50, 75 శాతం అని నాలుగు రకాలు. 12.5 ముక్కుతో పాడినట్టు సన్నగా, 25 మెరుపుతో, 50 గుండ్రంగా, కాస్త బోలుగా ఉంటాయి. 75, 25 చెవికి ఒకేలా వినిపిస్తాయి. వాల్యూమ్ 0 నుంచి 15 దాకా.

వేవ్. 32 చిన్న మెట్లతో మీరే తరంగం ఆకారం గీసుకునే చానల్. దీనికి వాల్యూమ్ మెట్లు నాలుగే: సున్నా, పావు, సగం, పూర్తి. దానంతట అది నెమ్మదిగా తగ్గిపోయే ఏర్పాటు చిప్‌లో లేదు.

నాయిజ్. బుస్సుమనే శబ్దం. స్నేర్ (చటుక్కుమనే డ్రమ్), హై-హ్యాట్ (చిన్న తాళాల టిక్ టిక్) దీనితోనే. దీని వాల్యూమ్ కూడా పల్స్ లాగే తగ్గుతూ పోగలదు.

పల్స్ చానళ్లు 64 హెర్ట్జ్ కన్నా కిందికి దిగలేవు. వేవ్ 32 హెర్ట్జ్ దాకా దిగుతుంది. బేస్ (కింది స్వరాల వాయిద్యం) వేవ్ మీదికి వెళ్లడానికి కారణం అదే. ప్యాన్ (శబ్దం ఎటువైపు వినిపించాలన్నది) కూడా ఎడమ, కుడి, రెండూ, అంతే. కాస్త ఎడమకు జరపడం అంటూ ఉండదు.

ఈ లెక్కలన్నీ చెప్పింది ఒక్క విషయం కోసం. ఈ చిప్‌లో ఊపు రావాలంటే స్వరాలు పెంచకూడదు, వంతులు వేయాలి. కిక్ (బరువైన డ్రమ్ దెబ్బ) మోగే క్షణంలో బేస్ ఆగాలి, బేస్ పలికేటప్పుడు కిక్ తప్పుకోవాలి. కింద చెప్పే వరుసంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

## 3. ఎల్‌ఎస్‌డీజేలో దారి తప్పకుండా

పాట మూడు అంతస్తుల్లో ఉంటుంది. ఫ్రేజ్‌లో 16 స్టెప్‌లు, అంటే మామూలుగా ఒక బార్. ఫ్రేజ్‌లను వరుసగా పేరిస్తే చెయిన్, ఒక చెయిన్‌లో 16 ఫ్రేజ్‌ల దాకా పడతాయి. చెయిన్‌లను నాలుగు చానళ్ల నిలువు వరుసల్లో పెడితే సాంగ్.

స్క్రీన్లు ఎడమ నుంచి కుడికి ఈ వరుసలో ఉంటాయి: సాంగ్, చెయిన్, ఫ్రేజ్, ఇన్‌స్ట్రుమెంట్, టేబుల్. సెలెక్ట్ పట్టుకుని బాణం నొక్కితే పక్క స్క్రీన్‌కు వెళ్తారు. ఎక్కడున్నారో స్క్రీన్ మూలన చిన్న మ్యాప్ చూపిస్తుంది. టెంపో, సేవ్ లాంటివి సాంగ్‌కు పైనున్న ప్రాజెక్ట్ స్క్రీన్‌లో ఉంటాయి.

రోజూ వాడే బటన్లు ఇవే:

- ఏ: స్వరం లేదా అంకె పెట్టడానికి
- ఏ పట్టుకుని ఎడమ, కుడి: ఒక్కో మెట్టు మార్చడానికి
- ఏ పట్టుకుని పైకి, కిందికి: ఫ్రేజ్‌లో అయితే అష్టకం (ఆక్టేవ్, అంటే స్థాయి) మారుతుంది
- ఏ వెంటవెంటనే రెండుసార్లు: ఇంతవరకు వాడని కొత్త చెయిన్ లేదా ఫ్రేజ్
- బీ పట్టుకుని ఏ: తీసేయడానికి
- స్టార్ట్: ఉన్న స్క్రీన్‌లోది మాత్రమే వినడానికి
- సెలెక్ట్ పట్టుకుని స్టార్ట్: చెయిన్, ఫ్రేజ్ స్క్రీన్లలో ఉండగా నాలుగు చానళ్లూ కలిపి వినడానికి

అంకెలన్నీ పదహారు లెక్కలో ఉంటాయి. 9 తర్వాత ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్ వస్తాయి. అంటే ఏ 10, సీ 12, ఎఫ్ 15. "10" అని కనిపిస్తే అది పదహారు. మైనస్ అంకెలు వెనక నుంచి వస్తాయి: ఎఫ్‌ఎఫ్ అంటే మైనస్ 1, ఎఫ్‌ఈ మైనస్ 2, ఎఫ్‌సీ మైనస్ 4. రెండు మూడు రోజులు తలనొప్పిగా ఉంటుంది, తర్వాత చేతికి అలవాటైపోతుంది.

## 4. టెంపో, గ్రూవ్

టెంపో (నిమిషానికి బీట్లు) 150 పెట్టండి. చిప్‌ట్యూన్‌లో ఊపున్న పాటలకు ఇది మధ్యస్థం, లెక్కలకు కూడా సులువు. ఒక్కో స్టెప్‌కు సరిగ్గా 100 మిల్లీసెకన్లు, ఒక ఫ్రేజ్‌కు 1.6 సెకన్లు పడుతుంది.

గ్రూవ్ స్క్రీన్‌లో మొదట 6, 6 అని ఉంటుంది. ఒక్కో స్టెప్ ఆరు టిక్‌లు నిలుస్తుందని అర్థం. దాన్ని 7, 5 చేస్తే నడక కాస్త ఊగుతుంది, 8, 4 చేస్తే బాగా ఊగుతుంది. రెండూ కలిపి సరిగ్గా 12 అయితే టెంపో మారదు. మొదటి ట్రాక్‌కు 6, 6 దగ్గరే ఉంచేయండి.

## 5. కిక్, బేస్: సగం పని ఇక్కడే

ఈ భాగం నచ్చేదాకా మిగతా చానళ్ల జోలికి వెళ్లొద్దు. చాలామంది ముందు ట్యూన్ కట్టి, చివర్లో కిక్‌కు చోటు వెతుక్కుంటారు. అప్పటికి ఖాళీ మిగలదు.

కిక్, బేస్ రెంటినీ వేవ్ చానల్‌లోనే పెడదాం.

5.1 కిక్ తయారీ. కొత్త ఇన్‌స్ట్రుమెంట్ తీసుకుని రకాన్ని వేవ్‌గా మార్చండి. తరంగం త్రికోణంలా నునుపుగా ఉండాలి. పిచ్ సెట్టింగ్‌లో డ్రమ్ అని ఉంటే అదే పెట్టండి. ఫ్రేజ్‌లో 0వ స్టెప్ దగ్గర కాస్త ఎత్తైన స్వరం వేసి, కమాండ్ గడిలో పీ పెట్టి విలువ డీ0 ఇవ్వండి. పీ అంటే స్వరాన్ని జార్చేది. విలువ 80 వైపు వెళ్లేకొద్దీ వేగంగా, ఎఫ్‌ఎఫ్ వైపు వెళ్లేకొద్దీ నెమ్మదిగా జారుతుంది. "టప్" అని వినిపిస్తే వేగం ఎక్కువైంది. "బ్యూం" అంటే తక్కువైంది. మధ్యలో "డుమ్" అనేచోట ఆగండి.

5.2 కిక్‌ను కోయడం. వేవ్ చానల్ దానంతట అది ఆగదని చెప్పాను కదా. 1వ స్టెప్‌లో స్వరం వేయకుండా కమాండ్ గడిలో కే 00 పెట్టండి. కే అంటే శబ్దాన్ని ఆపేది. కిక్ సరిగ్గా 100 మిల్లీసెకన్లు మోగి ఆగిపోతుంది. ఆ తర్వాత వచ్చే చిన్న నిశ్శబ్దమే కిక్‌కు బలం. ఒకసారి కే తీసేసి విని, మళ్లీ పెట్టి వినండి, తేడా మీకే తెలుస్తుంది.

5.3 బేస్ వంతు. రెండో ఇన్‌స్ట్రుమెంట్ కూడా వేవే. ఈసారి తరంగం రంపం ఆకారంలో ఉండాలి. సింత్ స్క్రీన్‌లో లో-పాస్ ఫిల్టర్ (పై స్వరాంశాలను తగ్గించేది) పెట్టి, మొదట తెరుచుకుని చివరికి మూసుకునేలా చేస్తే ప్రతి స్వరం "వావ్" అంటుంది. దీన్ని 2, 6, ఏ, ఈ స్టెప్‌లలో వేయండి. కిక్ 0, 4, 8, సీ దగ్గర.

మొత్తం ఫ్రేజ్ ఇలా ఉంటుంది:

- 0: కిక్, పీ డీ0
- 1: స్వరం లేదు, కే 00
- 2: బేస్
- 3: ఖాళీ
- 4 నుంచి ఎఫ్ దాకా ఇదే నాలుగు స్టెప్‌ల అమరిక ఇంకో మూడుసార్లు

స్టార్ట్ నొక్కి వినండి. డుమ్-వా, డుమ్-వా అంటూ ఒకే చానల్ రెండు వాయిద్యాల్లా వినిపించాలి. కాలు దానంతట అదే ఆడకపోతే పీ విలువ, బేస్ ఫిల్టర్ ఈ రెంటినీ కదపండి. స్టెప్‌లు పెంచకండి.

5.4 బేస్ ఎత్తు. వేవ్ చానల్‌లో ఏ-3 స్వరం 55 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. పెద్ద స్పీకర్లలో గుండె అదురుతుంది, ఫోన్ స్పీకర్‌లో అసలు వినపడదు. మీ పాటను పదిమందిలో ఎనిమిదిమంది వినేది ఫోన్‌లోనే అనుకుంటే, ఫిల్టర్‌ను మరీ మూసేయకండి. రంపపు తరంగంలోని పై స్వరాంశాలు మిగిలితే చిన్న స్పీకర్‌లో కూడా బేస్ ఉన్నట్టు చెవి పట్టుకుంటుంది. అదీ చాలకపోతే ఒక అష్టకం పైకి జరపండి.

5.5 ఒకే ఫ్రేజ్‌తో నాలుగు బార్‌లు. చెయిన్ స్క్రీన్‌లో ప్రతి ఫ్రేజ్ పక్కన ట్రాన్స్‌పోజ్ (స్వరాలను పైకో కిందికో జరిపే) గడి ఉంటుంది. ఏ (A) మైనర్‌లో ఏ, ఎఫ్, సీ, జీ అనే నడక కావాలంటే అదే ఫ్రేజ్‌ను నాలుగుసార్లు పెట్టి పక్కన 00, ఎఫ్‌సీ, 03, ఎఫ్‌ఈ ఇవ్వండి. బేస్ దానంతట అది మారుతుంది.

కానీ దాంతో పాటు కిక్ కూడా మారిపోతుంది. ఒక్కో బార్‌లో ఒక్కో కిక్ వినిపిస్తోందేమిటా అని చాలామంది తల పట్టుకునేది ఇక్కడే. కిక్ ఇన్‌స్ట్రుమెంట్‌లో ట్రాన్స్‌పోజ్‌ను ఆఫ్ చేయండి, సరిపోతుంది.

## 6. నాయిజ్ చానల్

ఇక్కడ రెండు ఇన్‌స్ట్రుమెంట్‌లు చాలు. హై-హ్యాట్‌కు వాల్యూమ్ మధ్యస్థంగా, తగ్గుదల అత్యంత వేగంగా. స్నేర్‌కు వాల్యూమ్ పూర్తిగా, తగ్గుదల కాస్త నెమ్మదిగా, శబ్దం కొంచెం లోతుగా. ఈ తగ్గుదలను రాసే తీరు ఎల్‌ఎస్‌డీజే వెర్షన్‌ను బట్టి మారింది కాబట్టి మీ వెర్షన్ మాన్యువల్‌లో ఎన్వలప్ పేజీ ఒక్కటి చదువుకోండి.

స్నేర్ 4, సీ దగ్గర. హ్యాట్ 2, 6, ఏ, ఈ దగ్గర. ఇంకొంచెం పరుగు కావాలంటే 3, బీ దగ్గర సగం వాల్యూమ్‌తో మరో రెండు హ్యాట్‌లు వేయండి. అన్ని స్టెప్‌లలో ఒకే వాల్యూమ్‌తో హ్యాట్ వేస్తే మాత్రం పాత ఫ్యాన్ తిరిగినట్టు ఉంటుంది.

నాలుగో బార్ చివర ఈ, ఎఫ్ స్టెప్‌లలో రెండు స్నేర్‌లు వేస్తే మళ్లీ మొదటికి తిరిగినట్టు చెవికి తెలుస్తుంది. అందుకోసం ఫ్రేజ్‌ను కాపీ చేసుకోవాలి, దాని సంగతి తప్పుల దగ్గర చెబుతాను.

## 7. లీడ్, దాని నీడ

పల్స్ 1 మీద లీడ్, అంటే ప్రధాన ట్యూన్. వెడల్పు 25 శాతంతో మొదలుపెట్టండి. వాల్యూమ్‌ను 15 దాకా తోయకండి, 9 లేదా 10 చాలు. వేవ్ చానల్‌ను పూర్తి వాల్యూమ్‌కు మించి పెంచే వీలు లేదు. బేస్ బలంగా వినిపించాలంటే పల్స్‌లను తగ్గించడం ఒక్కటే దారి.

ట్యూన్‌లో ప్రతి స్టెప్ నింపొద్దు. స్వరం, ఖాళీ, స్వరం అన్నట్టు సాగనివ్వండి. ఆ ఖాళీల్లో ఎకో పెట్టుకోవచ్చు, అదీ ఇంకో చానల్ ఖర్చు లేకుండానే. 0వ స్టెప్‌లో ఒక స్వరం ఉంటే, 3వ స్టెప్‌లో అదే స్వరాన్ని 3 లేదా 4 వాల్యూమ్ ఉన్న ఇన్‌స్ట్రుమెంట్‌తో మళ్లీ వేయండి. రెండో ఇన్‌స్ట్రుమెంట్ వెడల్పు 12.5 పెడితే దూరం నుంచి వచ్చినట్టు ఉంటుంది. పాత గేమ్‌లలో విశాలంగా వినిపించే ట్యూన్‌ల రహస్యం చాలావరకు ఇదే.

స్వరాల ఎంపికకు మన సంగీతం వచ్చినవాళ్లకు ఒక దగ్గరి దారి ఉంది. పైన చెప్పిన ఏ, ఎఫ్, సీ, జీ నడక మీద ఏ (A) స్వరాన్ని షడ్జమంగా పెట్టుకుని శుద్ధ ధన్యాసి పాడండి. స గ మ ప ని అంటే ఏ, సీ, డీ, ఈ, జీ. నాలుగు బార్‌లలో ఎక్కడా గట్టిగా గీసుకోదు. ఇవే స్వరాలను సీ నుంచి లెక్కపెడితే మోహనం. కాబట్టి పాట మధ్యలో సీ మీద నిలబడి రంగు మార్చవచ్చు.

జారుడుకు ఎల్ కమాండ్. చేరాల్సిన స్వరం దగ్గర దీన్ని పెడితే, ముందున్న స్వరం నుంచి జారుతూ అక్కడికి వస్తుంది. ఊగడానికి వీ కమాండ్, దాని మొదటి అంకె వేగం, రెండోది లోతు. నిషాదం మీద కాసేపు వీ పెట్టి వినండి. వీణ గమకం వస్తుందని ఆశ పెట్టుకోకండి, కానీ చదరపు తరంగానికి ప్రాణం వచ్చినట్టు మాత్రం ఉంటుంది. అన్ని స్వరాలకూ పెడితే సైరన్ అయిపోతుంది.

## 8. ఆర్పెజియో

పల్స్ 2 మిగిలింది. ఒక్క స్వరమే పలికే చానల్‌లో కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) వినిపించాలంటే మూడు స్వరాలను అతి వేగంగా మార్చుతూ పోవాలి, అదే ఆర్పెజియో. దానికి సీ కమాండ్ ఉంది. సీ 37 అంటే మైనర్, సీ 47 అంటే మేజర్.

మన నడకలో మొదటిది ఏ (A) మైనర్, మిగతా మూడూ మేజర్. ట్రాన్స్‌పోజ్ స్వరాన్ని మారుస్తుంది కానీ 37ను 47గా మార్చదు. అందుకే ఇక్కడ రెండు ఫ్రేజ్‌లు కావాలి: మొదటి బార్‌కు 37తో ఒకటి, మిగతా మూడింటికి 47తో ఒకటి. ఎఫ్‌సీ, 03, ఎఫ్‌ఈ ట్రాన్స్‌పోజ్‌లు రెండో దానికి.

వెడల్పు 50 పెట్టి, వాల్యూమ్ 5 లేదా 6 దగ్గర ఉంచండి. ఇది వెనకాల తెర లాంటిది, ముందుకొస్తే లీడ్‌ను తినేస్తుంది.

## 9. వేరే నడకలు కావాలంటే

హెచ్ కమాండ్ ఫ్రేజ్‌ను మధ్యలోనే ముగిస్తుంది. సీ స్టెప్‌లో హెచ్ 00 పెడితే 12 స్టెప్‌లకే ఫ్రేజ్ అయిపోయి మూడు బీట్ల నడక వస్తుంది. ఏ (A) స్టెప్‌లో పెడితే 10 స్టెప్‌లు, అంటే ఖండ నడకకు సరిపోతుంది. పది స్టెప్‌లలో కిక్‌ను 0, 4 దగ్గర, స్నేర్‌ను 7 దగ్గర పెట్టి చూడండి.

నాలుగు చానళ్ల ఫ్రేజ్‌లన్నిటిలోనూ హెచ్ ఒకే స్టెప్‌లో ఉండాలి. ఒక్క చానల్‌లో మరిచిపోయినా రెండో బార్ నుంచే అది పక్కకు జరిగిపోతుంది.

## 10. ముక్కలను పాటగా పేర్చడం

ప్రతి చెయిన్‌లో సరిగ్గా నాలుగు ఫ్రేజ్‌లు ఉండనివ్వండి. అప్పుడు సాంగ్ స్క్రీన్‌లో ఒక్కో అడ్డవరుస 6.4 సెకన్లు అవుతుంది. 24 వరుసలు పెడితే రెండున్నర నిమిషాల పైచిలుకు పాట. మొదటి ట్రాక్‌కు ఇది పనికొచ్చే చట్రం:

- 4 వరుసలు: ఆర్పెజియో, హ్యాట్ మాత్రమే. చివరి వరుసలో బేస్ ఒక్కటే, కిక్ లేకుండా
- 4 వరుసలు: కిక్-బేస్ దిగుతాయి, లీడ్ మొదలు
- 4 వరుసలు: లీడ్ రెండో ట్యూన్, ఒక అష్టకం పైన
- 2 వరుసలు: కిక్ లేదు, లీడ్ ఒక్కటే ఎకోతో
- 8 వరుసలు: మొదటి, రెండో ట్యూన్‌లు మళ్లీ, స్నేర్ మార్పులతో
- 2 వరుసలు: ముగింపు

కిక్ లేని ఆ రెండు వరుసలను తీసేయాలనిపిస్తుంది, తీయకండి. తర్వాత కిక్ దిగినప్పుడు వచ్చే ఊపంతా వాటి పుణ్యమే.

## 11. సేవ్ చేయడం

మీరు చేస్తున్న పని కార్ట్‌లోని 32 కేబీ పని మెమరీలో ఉంటుంది. ప్రాజెక్ట్ స్క్రీన్ నుంచి ఫైల్ స్క్రీన్‌కు వెళ్లి సేవ్ నొక్కితేనే పాట దాని పేరుతో భద్రమవుతుంది. సేవ్ చేయకుండా ఇంకో పాట లోడ్ చేస్తే ముందుది పోతుంది.

బ్యాటరీలు అయిపోతున్నప్పుడు ఎర్ర లైట్ మసకబారుతుంది. ఆ సమయంలో సేవ్ మధ్యలో మెషీన్ ఆరిపోతే పాట పాడైపోవచ్చు. లైట్ మసకగా కనిపిస్తే వెంటనే బ్యాటరీలు మార్చండి. వారానికోసారి సేవ్ ఫైల్‌ను కంప్యూటర్‌లోకి కాపీ చేసి తేదీతో పేరు పెట్టుకోండి. ఆ ఫైల్ ఎమ్యులేటర్‌లో కూడా తెరుచుకుంటుంది.

## 12. రికార్డింగ్

హెడ్‌ఫోన్ జాక్ నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌కు తగిలించే సౌండ్ పెట్టె) లైన్-ఇన్‌కు స్టీరియో కేబుల్ వేయండి. ల్యాప్‌టాప్ పక్కనుండే హెడ్‌సెట్ జాక్‌లోకి పెట్టొద్దు. అది ఎక్కువగా మైక్ కోసం ఉండే మోనో ఇన్‌పుట్, శబ్దం పగిలిపోతుంది.

మొదలుపెట్టే ముందు:

- కొత్త బ్యాటరీలు నాలుగు. అడాప్టర్ వాడితే గుర్రుమనే హమ్ వచ్చే అవకాశం ఎక్కువ
- గేమ్‌బాయ్ వాల్యూమ్ దాదాపు పూర్తిగా, ఇంటర్‌ఫేస్ గెయిన్ తక్కువగా
- పాటలో అన్నిటికన్నా గట్టి భాగం మోగించి, మీటర్ మైనస్ 6 డెసిబెల్ దాటకుండా చూడండి
- ఫోన్ దూరంగా పెట్టండి, దాని సిగ్నల్ టిక్ టిక్ కూడా రికార్డవుతుంది
- పాట ముందు రెండు సెకన్ల నిశ్శబ్దం రికార్డ్ చేయండి, తర్వాత రొద తీసేటప్పుడు నమూనాగా పనికొస్తుంది

ఒకేసారి మొత్తం రికార్డ్ చేయడం సులువు. చానళ్లు విడిగా కావాలంటే సాంగ్ స్క్రీన్‌లో బీ పట్టుకుని స్టార్ట్ నొక్కితే ఆ చానల్ ఒక్కటే మోగుతుంది. నాలుగుసార్లు రికార్డ్ చేసి కంప్యూటర్‌లో కలపాలి. ప్రతి చానల్ మొదట్లో ఒక చిన్న "టక్" వేసుకుంటే నాలుగింటినీ దాని దగ్గర కలపవచ్చు. మొదటి ట్రాక్‌కు ఇంత శ్రమ అనవసరం అని నా అభిప్రాయం.

డీఎంజీ రొద మరీ ఇబ్బంది పెడితే ప్రో-సౌండ్ అనే మార్పు చేయిస్తారు. లోపలి యాంప్లిఫైయర్‌కు ముందే సిగ్నల్ తీసి వేరే జాక్‌కు ఇస్తారు. సోల్డరింగ్ చేయి తిరిగినవాళ్లకే వదిలేయండి.

ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో 30 హెర్ట్జ్ కింద కోసి, మైనస్ 1 డెసిబెల్‌కు నార్మలైజ్ చేస్తే చాలు. రివర్బ్, కంప్రెసర్ ముట్టుకోకండి. ఎంపీ3 చేస్తే 320 కేబీపీఎస్ పెట్టండి. తక్కువ బిట్‌రేట్‌లో హై-హ్యాట్‌లు నీళ్లలో మోగినట్టు అయిపోతాయి.

## 13. తరచూ ఎదురయ్యే తప్పులు, వాటికి మందు

ఒకచోట మారిస్తే ఇంకోచోట కూడా మారింది. ఒకే నంబరు ఫ్రేజ్‌ను రెండుచోట్ల వాడారు. కాపీ కావాలంటే నంబరు మీద నిలబడి, సెలెక్ట్ పట్టుకుని బీ, ఏ నొక్కండి, కొత్త నంబరుతో నకలు వస్తుంది. సాంగ్ స్క్రీన్‌లో చెయిన్‌ను ఇలా నకలు తీస్తే లోపలి ఫ్రేజ్‌లు కూడా కొత్తవి కావాలా వద్దా అన్నది ప్రాజెక్ట్ స్క్రీన్‌లోని క్లోన్ సెట్టింగ్‌ను బట్టి ఉంటుంది.

పాట సాగేకొద్దీ చానళ్లు ఒకదానికొకటి తప్పాయి. ఏదో ఒక చెయిన్‌లో మూడో ఐదో ఫ్రేజ్‌లున్నాయి. ప్రతి చానల్ తన చెయిన్ అయిపోగానే కింది వరుసకు వెళ్లిపోతుంది, మిగతావాటి కోసం ఆగదు. అన్నిటినీ నాలుగుకు సరిచేయండి.

ఒక చానల్ మధ్యలో మళ్లీ మొదటికి వెళ్లింది. సాంగ్ స్క్రీన్‌లో గడి ఖాళీగా వదిలారు. అక్కడ నిశ్శబ్దం కావాలంటే స్వరాలు లేని ఫ్రేజ్‌లతో ఒక ఖాళీ చెయిన్ చేసి పెట్టండి. దానికి గుర్తుండే నంబరు ఇస్తే, ఉదాహరణకు 70, ఎక్కడ నిశ్శబ్దం ఉందో చూడగానే తెలుస్తుంది.

అంతా గట్టిగానే ఉంది కానీ ఊపు లేదు. పల్స్ 2ను మ్యూట్ చేసి వినండి. బాగుందంటే ఆర్పెజియో వాల్యూమ్ తగ్గించాలి. అప్పటికీ లేకపోతే 1, 5, 9, డీ స్టెప్‌లలో కే 00 ఉందో లేదో చూడండి.

ఎమ్యులేటర్‌లో బాగున్న పాట మెషీన్‌లో బరువుగా, మసకగా ఉంది. అసలు డీఎంజీలో బేస్ ఎక్కువ ఉన్నట్టు వినిపిస్తుంది. లీడ్ వాల్యూమ్ ఒక మెట్టు పెంచండి, లేదా బేస్ ఫిల్టర్‌ను ఇంకాస్త తెరవండి. రెండూ ఒకేసారి చేయొద్దు, ఏది పనిచేసిందో తెలియదు.

ఫోన్‌లో ఒక వాయిద్యం మాయమైంది. ప్యాన్ మార్చే ఓ (O) కమాండ్‌తో పల్స్‌లను పూర్తిగా ఎడమ, కుడికి పంపి ఉంటారు, ఫోన్ ఒక పక్క స్పీకరే మోగిస్తోంది. లీడ్‌ను ఎప్పుడూ రెండువైపులా ఉంచి, ఎకోను మాత్రమే ఒక పక్కకు పంపండి.

రెండు గేమ్‌బాయ్‌లు కలిపి వాయిద్దామంటే కేబుల్ పట్టడం లేదు. మొదటి డీఎంజీ లింక్ ప్లగ్ పెద్దది, పాకెట్, కలర్ మోడళ్లది చిన్నది. రెండు డీఎంజీలకు పాత కేబుల్ కొనండి, కలగలుపు అయితే మధ్యలో అడాప్టర్ కావాలి. ఆ తర్వాత ప్రాజెక్ట్ స్క్రీన్‌లో రెండింటికీ సింక్ సెట్టింగ్ మార్చి, రెండోదాన్ని ముందే స్టార్ట్ నొక్కి సిద్ధంగా ఉంచి, మొదటిదాన్ని నొక్కండి.